ఎదసంచి చరిత్ర

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఇందు రాజుల యుద్ధములు లేవు, రాజ్యముల పతనములు లేవు. మూరెడు గుడ్డ, రెండు భుజపట్టీలు, నడుమునకొక పట్టె, వీనితో కుట్టిన మెత్తని సంచి యిది. దానిలో పసిబిడ్డను కూర్చుండబెట్టి తల్లి తన రొమ్మునకానించి కట్టుకొనును. పట్టణపు అంగళ్ళలో దీనిని బేబీ క్యారియరందురు. నేనీ ప్రసంగమున ఎదసంచి యని పిలిచెదను. పురిటికి వచ్చిన కూతురో, సెలవులకు వచ్చిన కోడలో ఇట్టి సంచితో ఇంట దిగినప్పుడు మన పెద్దలలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. "చంకలు లేవా, ఈ వేషమేల?" యనువారు కొందరు. "అంత వెలపెట్టి కొన్నారు గదా, మంచిదే యైయుండును" అనువారు మరికొందరు. ఈ రెండును విచారణ లేని మాటలే. ఈ సంచి యెక్కడ పుట్టినది, ఎవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినది, దానివలన కలిగిన మేలెంత, కీడెంత యను సంగతులు తెలిసినచో, దేనిని మెచ్చవలయునో దేనిని వారింపవలయునో మనకే బోధపడును.

మొట్టమొదట చెప్పదగిన మాట యిది. సంచి క్రొత్తదే కాని, బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకొనుట మిక్కిలి ప్రాతది. మనుష్యశిశువు దూడవలె పుట్టిన పూటనే తల్లివెంట పరుగెత్తజాలదు. కోతిపిల్లవలె తల్లి రోమములు పట్టుకొని వ్రేలాడజాలదు. తల్లియే మోయవలయును, మోయుచునే పని చేసికొనవలయును. ఈ యవసరము భూమిమీద ప్రతిచోటను ఒక్కటే గనుక, ఒండొరుల నెరుగని జాతులు సైతము ఒకే యుపాయమును కనిపెట్టినవి. మెక్సికో దేశపు స్త్రీలు రెబోజో యను పొడవైన నేతగుడ్డతో బిడ్డను కట్టుకొందురు. దక్షిణామెరికాలోని ఆండీస్ కొండలలో నలుచదరపు కంబళితో వీపున కట్టుదురు. తూర్పు ఆఫ్రికాలో కాంగా యను రంగుబట్ట దీనికి వాడుక. చైనాలో నాలుగు మూలల నాలుగు పట్టీలు గల చదరపు గుడ్డయు, కొరియాలో పొడేగి యను బొంతవంటి గుడ్డయు కలవు. ఉత్తరపు మంచుదేశములలో ఇన్యూట్ స్త్రీలు అమౌటి యను తోలుకోటు వెనుక భాగమున సంచి యమర్చి, తమ యొంటి వేడి బిడ్డకు తగులునట్లు చేసికొనిరి.

మన తెలుగునాట ప్రధానమైనది చంక. బిడ్డ రెండు కాళ్ళను తల్లి నడుమునకు ఇరుప్రక్కల వేసి కూర్చుండును. తల్లి యొక చేత పట్టుకొని రెండవ చేత పని చేయును. నాట్లకును కలుపులకును పోయిన కూలితల్లులు గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి బిడ్డను పరుండబెట్టుదురు. ఊరూర తిరిగి బ్రదుకు జనులు దూరపు నడకలలో బిడ్డను గుడ్డతో వీపునకో ప్రక్కకో కట్టుకొందురు. వీనికెవ్వరును పేటెంటు పుచ్చుకొనలేదు. అమ్మమ్మ చేసినది చూచి అమ్మ చేసెను. అమ్మను చూచి కూతురు చేసెను.

ఐరోపాలో సంపన్నుల యిండ్లనుండి ఈ విద్య క్రమముగా తొలగిపోయెను. 1733 లో విలియం కెంట్ అను శిల్పి ఇంగ్లండులో డెవన్‌షైర్ ప్రభువు పిల్లలకై ఒక చిన్న బండి నిర్మించెను. మేకయో, పొట్టి గుఱ్ఱమో లాగునట్టి యాట బండి యది. తరువాతి శతాబ్దమున చేతితో త్రోయు బండ్లు వచ్చి, మధ్యతరగతి గృహములకు వ్యాపించినవి. బండి వచ్చుట మాత్రమే కాదు, బిడ్డను ఎత్తుకొనుటయే తప్పను బోధయు వెంట వచ్చెను. 1894 లో అమెరికా వైద్యుడు ఎమెట్ హోల్ట్ శిశుపోషణ గూర్చి వ్రాసిన పుస్తకము తరతరముల తల్లులకు ప్రమాణగ్రంథమయ్యెను. బిడ్డ నూపరాదు, ఏడ్చినంతనే ఎత్తుకొనరాదు అనునవి యందలి ఉపదేశములు. 1928 లో జాన్ వాట్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఇంకను ముందునకు పోయి, బిడ్డలను ముద్దాడుటయు ఒడిలో కూర్చుండబెట్టుకొనుటయు వారి స్వభావమును చెఱచునని వ్రాసెను. ఆస్పత్రులలో పుట్టిన బిడ్డను తల్లినుండి వేరుచేసి, వేరొక గదిలో వరుస తొట్లలో పరుండబెట్టుట వాడుకయ్యెను. చదువుకొన్నవారు చెప్పినది గనుక చదువుకొన్న తల్లులు నమ్మిరి. "చంకలో బిడ్డనుంచుకొని ఊరెల్ల వెదకినట్లు" అను మన సామెత యిచ్చట చక్కగా అన్వయించును. ఐతే వీరు బిడ్డను చంకనుండి దింపివేసి, తరువాత బిడ్డ యేడ్పునకు మందు లోకమంతట వెదకిరి.

ఆ మందు ఆఫ్రికాలో దొరకెను. 1961 లో అమెరికా ప్రభుత్వము పీస్ కోర్ అను సేవాసంస్థను స్థాపించి, యౌవనస్థులను విదేశములకు పంపసాగెను. ఆ దశకపు తొలి యేండ్లలో ఒహాయో రాష్ట్రపు పల్లెటూరి కుటుంబమున పుట్టిన ఆన్ మూర్ అను నర్సు పశ్చిమాఫ్రికాలోని టోగో దేశమునకు పోయెను. ఆమె నేర్పుటకై పోయినది. కాని నేర్చుకొని వచ్చినదియు తక్కువ కాదు. అచ్చటి తల్లులు సంతకు పోయినను, నీరు మోసినను, ధాన్యము దంచినను బిడ్డ వారి వీపునంటియే యుండుటయు, ఆ బిడ్డలు నెమ్మదిగా నుండుటయు ఆమె కండ్లార చూచెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఆమెకు కూతురు పుట్టగా, టోగో తల్లులవలె శాలువతో బిడ్డను కట్టుకొనజూచెను. చిన్ననాటనుండి అలవాటు లేని చేతులకు ఆ ముడి నిలువలేదు, బిడ్డ జారసాగెను.

అప్పుడామె తన తల్లియైన లూసీ ఆకర్‌మన్‌కు తనకు కావలసినది వివరించెను. ఆ తల్లి కుట్టుపని తెలిసిన గృహిణి. కూతురు చెప్పిన గుర్తులనుబట్టి భుజపట్టీలు గల సంచి యొకటి కుట్టి యిచ్చెను. మొదట అది వీపున మోయునది. క్రమముగా మార్పులు చేయగా ఎదపైని గాని, వీపున గాని కట్టదగిన రూపము వచ్చెను. లోపల బిడ్డ కూర్చుండుటకొక చిన్న సంచి, వెలుపల దానిని కప్పు పెద్దసంచి, తలకు ఆనిక, బిడ్డ పెరిగిన కొలది విప్పుకొనుటకు వీలుగా వేసిన మడత కుట్లు, ఇవి దాని విశేషములు. దారిలో చూచినవారు ఎక్కడ కొన్నారని యడుగసాగిరి. అడిగినవారికెల్ల ఒహాయోలోని వెస్ట్ అలెగ్జాండ్రియా యను చిన్న యూరిలో లూసీయు, ఆ చుట్టుపట్ల స్త్రీలును ఇండ్లలోనే కుట్టి పంపిరి. 1969 లో దానికి పేటెంటు లభించెను. స్నగ్లీ యను పేరిట అది దేశమంతట ప్రసిద్ధమయ్యెను. 1985 లో మూర్ దంపతులు ఆ వ్యాపారమును వేరొక కంపెనీకి అమ్మివేసిరి. టోగో తల్లి యొక్క ముడి, ఒహాయో అమ్మమ్మ యొక్క సూది, ఈ రెండును కలిసి పుట్టినదే నేటి ఎదసంచి. ముడి వేయనేర్వని చేతులకై ముడిని కుట్టుగా మార్చుటయే ఇందలి క్రొత్తదనము.

ఇదే కాలమున ఇతరులును ఆ దారినే నడచిరి. స్వీడను దేశమున బ్యోర్న్ యాకబ్‌సన్ అనునతని సంస్థ 1973 లో ఎదపైన కట్టు సంచిని అంగడిలోనికి తెచ్చెను. స్వీడిష్ భాషలో దానికి పెట్టిన పేరునకు హృదయమునకు దగ్గర యని యర్థము. 1981 లో హవాయి దీవులలో రేనర్ గార్నర్ అనునతడు రెండు వలయములతో బిగించు నడ్డగుడ్డను కల్పించెను. అంగళ్ళు విస్తరించినవి, వెలలును పెరిగినవి.

ఇంతవరకు చెప్పినది కలిగినవారి సౌకర్యపు కథ. ప్రాణములతో సంబంధించిన కథ కొలంబియా దేశపు రాజధానియైన బొగొటాలో జరిగెను. అచ్చటి ప్రసూతి ఆస్పత్రిలో నెలలు నిండక పుట్టిన బిడ్డలు పెక్కురు. వారిని వెచ్చగానుంచు ఇంక్యుబేటరు పెట్టెలు కొలది. ఒక్కొక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డల నుంచవలసివచ్చెను. ఒకరి రోగము వేరొకరికంటి పసికందులు చనిపోవుచుండిరి. 1978 లో ఎడ్గార్ రేయ్ సనాబ్రియా యను వైద్యుడును, అటుపిమ్మట ఆయన సహచరుడైన హెక్టర్ మార్టినెజ్ అను వైద్యుడును ఒక యుపాయము పన్నిరి. బిడ్డకు టోపీయు గోచియు మాత్రముంచి, తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా నానించి, మీద గుడ్డతో కట్టించిరి. తల్లి యొడలే ఇంక్యుబేటరయ్యెను. కడుపుసంచిలో పిల్లను పెంచు కంగారూ జంతువునుబట్టి దీనికి కంగారూ మాతృసంరక్షణ యను పేరు వచ్చెను.

బీదదేశపు గత్యంతరము లేని పనియని మొదట తలచినవారును క్రమముగా దీని నంగీకరించిరి. ఐనను చాలకాలము, బిడ్డ కొంత కుదుటపడిన పిమ్మటనే తల్లి యెదకు చేర్చెడివారు. పుట్టిన వెంటనే చేర్చినచో ఏమగునని ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశములలోను మన భారతదేశములోను ఐదు ఆస్పత్రులలో పరీక్షించిరి. మన దేశమున ఇది జరిగినది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో. ఒక కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుగల బిడ్డలు 3,211 మందిని ఇందు చేర్చిరి. 2021 లో ఫలితము ప్రకటింపబడెను. వెనుకటి పద్ధతిని పెంచిన బిడ్డలలో 28 దినముల లోపల నూటికి 15.7 గురు చనిపోగా, వెంటనే ఎదకు చేర్చిన బిడ్డలలో చనిపోయినవారు నూటికి 12 గురు. అనగా నలుగురు పోవలసినచోట ఒక్క ప్రాణము నిలిచినదన్నమాట. ఈ పరీక్షలో తల్లి అలసియున్నప్పుడో, శస్త్రచికిత్స జరిగి లేవలేనప్పుడో ఆమెకు బదులుగా ఇంటి స్త్రీలు బిడ్డను తమ యెదకు కట్టుకొనిరి. అమ్మమ్మ యెదయు, నాయనమ్మ యెదయు ఈ పనికి చాలును. 2022 లో ప్రపంచారోగ్యసంస్థ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు దీనిని పుట్టిన వెంటనే మొదలుపెట్టవలెనని సిఫారసు చేసెను.

ఆరోగ్యముగా పుట్టిన బిడ్డల సంగతియు పండితులు పరీక్షింపక పోలేదు. 1986 లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హున్‌జికర్, బార్ అను నిరువురు 99 మంది తల్లులను రెండు తెగలుగా చేసి, ఒక తెగవారిని దినమునకు మూడు గంటలైనను అధికముగా బిడ్డను ఎత్తుకొనుడనిరి. ఆరవ వారమునాటికి ఆ బిడ్డల యేడ్పు రెండవ తెగ బిడ్డల యేడ్పుకంటె నూటికి 43 పాళ్ళు తక్కువగా నుండెను. 1990 లో ప్రకటింపబడిన న్యూయార్క్ పరీక్ష యింకను మన విషయమునకు దగ్గరది. బీదతల్లులలో కొందరికి మెత్తని ఎదసంచులను, కొందరికి ప్లాస్టిక్ ఆసనములను ఉచితముగా నిచ్చిరి. బిడ్డలు పదమూడు నెలలవారైనప్పుడు చూడగా, సంచి పుచ్చుకొన్నవారిలో నూటికి 83 గురు, ఆసనము పుచ్చుకొన్నవారిలో నూటికి 38 గురు తల్లియందు నిబ్బరమైన నమ్మిక గలవారుగా కనబడిరి. ఎత్తుకొన్న బిడ్డ చెడిపోవునను వెనుకటి బోధ యీ విధముగా వీగిపోయెను.

ఇక కీడు సంగతి. ఇది చెప్పక విడిచినచో నేను సగము చరిత్రయే చెప్పినవాడనగుదును. 2010 మార్చిలో అమెరికా ప్రభుత్వపు వస్తుభద్రతా సంఘము ఒక హెచ్చరిక చేసెను. అంతకు ముందు ఇరువది సంవత్సరములలో అడ్డగుడ్డ సంచులవలన కనీసము 14 గురు శిశువులు చనిపోయిరనియు, వారిలో 12 గురు నాలుగు నెలల లోపు వారనియు తెలిపెను. కారణములు రెండు. మొదటిది, మూతియు ముక్కును గుడ్డకో తల్లి యొంటికో అదుముకొని గాలి యాడకపోవుట. రెండవది, లోతైన సంచిలో బిడ్డ విల్లువలె వంగి, గడ్డము రొమ్మున కంటుకొని, గొంతులోని గాలిగొట్టము మూసికొనుట. అంత చిన్నబిడ్డకు మెడ నిలుపు బలము లేదు. ఏడ్చి తెలుపుటకు ఊపిరి యాడదు. నిద్రించుచున్నదనుకొన్న బిడ్డ నిశ్శబ్దముగా పోవును. నెలలు నిండక పుట్టినవారికిని, బరువు తక్కువవారికిని, జలుబు చేసినవారికిని ఈ యపాయ మెక్కువ.

కావున ఎదసంచి కట్టుటలో మొదటి ధర్మము గాలి. బిడ్డ ముఖము ఎప్పుడును కంటికి కనబడవలయును. పైట గాని, దుప్పటి గాని ముఖముపై కప్పరాదు. తల్లి తల వంచినచో బిడ్డ నుదుటిని ముద్దాడునంత ఎత్తున కట్టవలయును. బిడ్డ గడ్డమునకును రొమ్మునకును నడుమ కనీసము ఒక వేలు దూరునంత యెడముండవలయును. కట్టు వదులై బిడ్డ క్రిందికి జారి ముడుచుకొనరాదు. వీపునకు చక్కని ఆనిక యుండవలయును. సంచిలో నుంచి పాలిచ్చినచో, పాలు త్రాగిన వెంటనే బిడ్డను మరల నిలువుగా పైకెత్తి ముఖము విడిపింపవలయును.

రెండవ ధర్మము తుంటి. పసిబిడ్డ తొడయెముక తల, తుంటిగిన్నెలో ఇంకను గట్టిగా కుదురుకొని యుండదు. కాళ్ళను చాపి, దగ్గరకు చేర్చి బిగించినచో అది తొలగుట కలదు. జపానులో బిడ్డల కాళ్ళను చాపి చుట్టు వాడుకను మాన్పించుటకు 1975 లో దేశమంతట ప్రచారము చేయగా, అంతకుముందు నూటికి ఒకరికి మించి కనబడు ఈ రోగము, ఐదువందలకు ఒకరికంటె తక్కువకు దిగెను. ఎదసంచిలో బిడ్డ కాళ్ళు క్రిందికి వ్రేలాడరాదు. పిరుదులు క్రిందుగను మోకాళ్ళు కొంచెము మీదుగను ఉండి, తొడలు విచ్చుకొని, మోకాటి వంపువరకు గుడ్డ యానియుండవలయును. పెద్దలారా, ఈ కూర్చుండు తీరు మన చంకబిడ్డ తీరే. శస్త్రవైద్యులు బొమ్మలు గీసి చెప్పుచున్న యీ సంగతి మన నాయనమ్మల నడుము లెఱిగినదే.

మూడవది బరువు. ఇది మన దేశమున ప్రత్యేకముగా నెఱుగదగినది. అంగడిలో నమ్ము సంచులపై ఎంత బరువు బిడ్డనుండి వాడవచ్చునో వ్రాసియుండును. పెక్కింటిపై అది 3.2 కిలోలో, 3.5 కిలోలో. ఆ లెక్క పాశ్చాత్యదేశపు బిడ్డలనుబట్టి వేసినది. మన దేశమున పుట్టు బిడ్డల సగటు బరువు సుమారు 2.8 కిలోలు. అనగా మన యింట పుట్టిన బిడ్డ నిండు ఆరోగ్యవతియైనను, మొదటి కొన్ని వారములు ఆ సంచికి చాలనంత చిన్నది కావచ్చును. అట్టి బిడ్డను పెద్దసంచిలో నుంచినచో లోనికి క్రుంగిపోవును. బరువు తక్కువైన బిడ్డకు కావలసినది ఆస్పత్రి నర్సు దగ్గర నుండి నేర్పు కంగారూ కట్టు. అంగడి సంచి దానికి బదులు కాజాలదు.

మిగిలినవి త్వరగా చెప్పెదను. మెడ నిలువనంతవరకు బిడ్డ ముఖము తల్లివైపే యుండవలయును. మన యెండలకు పలుచని నూలుగుడ్డయే మేలు. వేసవి మధ్యాహ్నమున ఇద్దరి యొంటి వేడియు ఒకటై బిడ్డ సొమ్మసిల్లును గనుక తరచు విప్పి, పాలిచ్చుచుండవలయును. పొయ్యియొద్ద, నూతియొద్ద, మరుగు నీటియొద్ద ఎదసంచి పనికిరాదు. దానితో మోటారుసైకిలు ఎక్కుట ఎంతమాత్రమును తగదు; పడినచో తల్లి భారమంతయు బిడ్డపైననే పడును. ఏదైన తీయవలసినప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచవలయును. కడుపు కోసి కాన్పు చేసిన తల్లికి నడుముపట్టె ఆ గాయముపై నొత్తుకొనరాదు. ప్రతిదినమును కుట్లు, క్లిప్పులు లాగి చూచుకొనవలయును. ఇవన్నియు సరిగానున్నచో వెల యెంతయైనను సంచి మంచిదే. ఇవి లేనిచో వేయి రూపాయల సంచికంటె అమ్మమ్మ ఒడియే మేలు.

ఈ చరిత్రలో నాకు తోచిన సార మిది. బిడ్డను ఒంటికి కట్టుకొను జ్ఞానము బీదతల్లుల సొత్తు. చదువు పేరిట ఒకప్పుడు దానిని అనాగరికమని త్రోసివైచిరి. మరియొకప్పుడు అదే జ్ఞానము పేరు మార్చుకొని, వెల కట్టించుకొని, పెట్టెలో మడచిన సరకుగా మనయింటికి వచ్చెను. సంచి అంగడిలో దొరకును. దాని వెంట రావలసిన కనుపాప కాపుదల, అనగా ముఖము చూచుచుండుట, గడ్డ మెత్తుట, కాళ్ళు సర్దుట, అంగడిలో దొరకదు. టోగోలో ఆ కాపుదలను కూతురికి తల్లియే నేర్పెడిది. మనయింట నేర్పవలసినవారు మనమే.

కావున రేపు మీ కోడలు ఎదసంచి కట్టుకొని వాకిట నిలిచినప్పుడు నవ్వకుడు, చూచి చూడనట్లు పోకుడు. దగ్గరకు పిలిచి, "ఏదమ్మా, బిడ్డ మొగము కనబడనీ" యని, గడ్డము క్రింద ఒక వేలుంచి చూడుడు. మోకాళ్ళు ఎత్తుగానున్నవో లేవో చూడుడు. అన్నియు సరిగా నున్నచో, "చల్లగా తిరిగి రా తల్లీ" యని పంపుడు.